మిల్టన్ అబ్బాస్ పాత పట్టణపు కౌలుదార్ల రికార్డుల విషయంలో సహాయం కావాలి

ఇంగ్లండ్ గ్రామీణ చరిత్ర తెలిసినవారికి, ముఖ్యంగా డోర్సెట్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి నమస్కారం. అక్కడి మిల్టన్ అబ్బాస్ అనే చిన్న గ్రామంపై నేనొక వ్యాసం రాస్తున్నాను. 1752లో ఆ ఎస్టేటు కొన్న జోసెఫ్ డామర్, తన భవనాన్ని ఆనుకొని ఒక సంత పట్టణం ఉండటం సహించలేక, కౌలు గడువు తీరిన ఇళ్లను వరుసగా కూల్పించి, ఉద్యానాల రూపశిల్పి లాన్సెలాట్ బ్రౌన్ చేత ఉద్యానాన్ని తీర్చిదిద్దించి, 1780 ప్రాంతంలో కొంత దూరాన ఉన్న లోయలో కొత్త ఊరు కట్టించాడు. ఒకే వీధి, దానికి ఇరువైపులా మట్టి గోడలకు సున్నం వేసి గడ్డి కప్పిన ఒకే పోలిక ఇళ్లు, ముందు పచ్చిక: ఫొటోల్లో ఎంతో అందంగా కనిపిస్తుంది. ఆ అందం వెనుక ఉన్న మనుషులే నాకు ముఖ్యం.

ఖాళీ చేయనన్న విలియం హారిసన్ అనే న్యాయవాది ఇంటి మీదికి డామర్ నీళ్లు వదిలించాడన్న కథ అన్నిచోట్లా దొరుకుతోంది. కానీ కోర్టుకెక్కే స్తోమత లేని కూలీలు, చేతిపనివారు ఎటు వెళ్లారు? వారిలో కొత్త ఊళ్లో ఇల్లు దక్కినవారెవరు?

డార్చెస్టర్‌లోని డోర్సెట్ హిస్టరీ సెంటర్ అనే పాత రికార్డుల కేంద్రంలో పనిచేసిన అనుభవం ఎవరికైనా ఉంటే, ఆనాటి కౌలు పత్రాలు, చర్చి రిజిస్టర్ల నకళ్లను విదేశాల నుంచి తెప్పించుకునే పద్ధతి దయచేసి చెప్పగలరు. 18వ శతాబ్దపు చేతిరాత చదవడంలో తోడ్పడేవారుంటే మరింత కృతజ్ఞుణ్ని.