జంతువు కనబడిందని బండ్ల మధ్య చెప్పుకోవడం ఆపాలా, వద్దా?

అడవిబాట:
నేషనల్ పార్కుకి వెళ్లినవాళ్లకి ఇది తెలిసిందే. జీపు నెమ్మదిగా పోతుంటుంది, గైడు మట్టిలో అడుగుజాడలు చూపిస్తూ ఏదో చెబుతుంటాడు, అంతలో వైర్‌లెస్‌లోనో ఫోన్‌లోనో ఒక మాట వినబడుతుంది, ఇక చూస్కోండి, జీపు పరుగో పరుగు. దారిలో నెమలి ఉందా, దుప్పి ఉందా, ఎవరికీ పట్టదు. అక్కడికి చేరేసరికి బండ్ల బారు, దుమ్ము, సీట్లెక్కి ఫోన్లు పైకెత్తిన జనం, ఆ సందులోంచి ఎక్కడో ఒక తోక. నా మాట సూటిగా చెబుతున్నా, ఏది ఎక్కడ కనబడిందో బండ్ల మధ్య చెప్పుకోవడం పూర్తిగా ఆపేయాలి. ఎవరికి కనబడితే వాళ్లు చూస్తారు, లేకపోతే లేదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. అయినా ఏ జంతువు ఎక్కడుందో చెప్పే ఫోన్ యాప్‌లో సింహం అని రాగానే జనం హద్దు మించి బండి తోలుతున్నారనీ, జంతువులు బండ్ల కింద పడుతున్నాయనీ అక్కడి పార్కుల సంస్థ ఆ యాప్‌లను కట్టడి చేయాలని 2016లోనే ఆలోచించింది.

సెలవురోజు:
మీకేమండీ, అలవాటైనవాళ్లు. లీవు దొరక్క దొరక్క దొరికి, పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటేసుకుని వచ్చినవాళ్ల సంగతేంటి? గేటు మూసేలోగా ఒక్కసారైనా పులిని చూడాలని వాళ్లకుండదా? పైగా ఎక్కడుందో చెప్పకపోతే ప్రతి బండీ అడవంతా గాలిస్తూ తిరుగుతుంది, అప్పుడు డీజిల్ పొగ తక్కువవుతుందా? ఇంకో సంగతి, జనం చూడబట్టే ఈ అడవులు మిగిలాయి. ఆఫ్రికాలోని కొండ గొరిల్లాల్నే తీసుకోండి, 1980ల్లో కొన్ని వందలే ఉండేవి, 2018 నాటికి వెయ్యి దాటాయి. వాటిని కాపాడిన డబ్బులో చూడ్డానికి వచ్చినవాళ్లది చిన్న వాటా కాదు.

అడవిబాట:
గొరిల్లా కథ నా వాదనకే పనికొస్తుంది సార్. రువాండాలో ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు 8 మందినే పంపిస్తారు, అదీ గంటసేపే. కబురందగానే అందరూ ఎగబడే పద్ధతి కాదది.

పాతజీపు:
నేను జీపు తోలేవాణ్ణి, నా మాటా వినండి. వైర్‌లెస్ తీసేస్తే ఆగిపోతుందనుకుంటున్నారా? ఎదురొచ్చే డ్రైవర్ వేలితో వెనక్కి చూపించి కనుబొమ్మ ఎగరేస్తే చాలు, మాకు మొత్తం అర్థమైపోతుంది. అదీ అక్కర్లేదు, కొండముచ్చు చెట్టు మీంచి ఒక్కవైపే చూస్తూ కూస్తుందనుకోండి, కింద చుక్కల దుప్పి తోక పైకెత్తి కాలు నేలకేసి కొడుతుందనుకోండి, చెవులున్న ప్రతి డ్రైవరూ అటే వస్తాడు. అసలు టెన్షన్ ఎక్కడుందంటే వెనక సీట్లో. "పులి చూపిస్తావా లేదా" అని పొద్దున్నించీ సతాయించి, చూపించకపోతే మొహం చిట్లించుకుని దిగి, టిప్పు సంగతి మర్చిపోయి, సాయంత్రానికి రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చి పోతారు. ఆ స్టార్ భయానికి డ్రైవర్ స్పీడు పెంచుతాడు. రూలు కాగితం మీద బాగానే ఉంది, మన దేశంలో పులుల అభయారణ్యాలకి 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జంతువుకి 20 మీటర్లు, బండికీ బండికీ 50 మీటర్లు దూరం ఉండాలన్నారు. పులి రోడ్డు మీదికొచ్చినప్పుడు ఆ 50 మీటర్లు ఎవరైనా పాటిస్తే నాకు చూపించండి. అటూ ఇటూ బండ్లు రోడ్డంతా ఆక్రమిస్తే పాపం అది దాటలేక పొదల అంచున నిలబడిపోతుంది, చెవులు వెనక్కి పెట్టి రెండడుగులు ముందుకు వేసి, మళ్లీ లోపలికి పోతుంది. జనమేమో "అయ్యో వెళ్లిపోయిందే" అంటారు.

సెలవురోజు:
సరే, కాసేపు ఇబ్బంది పడుతుంది, తర్వాత తన దారిన పోతుంది. ప్రాణం మీదికి రాదు కదా?

లెక్కలపుస్తకం:
వస్తుందండీ. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో చీతాల మీద జరిపిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. పర్యాటకుల బండ్లు బాగా తిరిగే చోట తల్లి చీతా ఒక్కో ఈతలో సగటున 0.2 పిల్లల్ని పెద్ద చేయగలిగింది, తక్కువ తిరిగే చోట 2.3. చీతా పగటిపూట వేటాడుతుంది, మనం తిరిగేదీ అప్పుడే. సింహమైతే రాత్రి చూసుకుంటుందిలే అనుకోవచ్చు, దీనికా వీలు తక్కువ. ఒక జింకకి గురిపెట్టినప్పుడో, పట్టింది గబగబా తింటున్నప్పుడో చుట్టూ బండ్లు మూగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఊరికేచదివేవాడు:
అంటే దూరం నుంచి చూడమంటారు, బైనాక్యులర్ కొనమంటారు, ఆ తర్వాత మెడనొప్పికి మందు కూడా మీరే చెబుతారా 😀

సెలవురోజు:
నవ్వులాట సరే, వేటగాళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? బండ్లు తిరిగే చోటికి ఉచ్చులు పెట్టేవాళ్లు రావడానికి జంకుతారు.

లెక్కలపుస్తకం:
కొంతవరకు నిజమే. కానీ రాజస్థాన్‌లోని సారిస్కా పులుల అభయారణ్యంలో పర్యాటకులు తిరుగుతూనే ఉన్నారు, 2005 నాటికి అక్కడ ఒక్క పులీ లేదు. ఇంకో పక్క ఖడ్గమృగం ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ ఆపేయండి, వేటగాళ్లూ చూస్తారు అని ఆఫ్రికా పార్కుల్లో సందర్శకులకి చెబుతుంటారు. ఆచూకీ చెప్పడం వల్ల కాపలా జరుగుతుందా, దొంగకి దారి తెలుస్తుందా అన్నది జంతువుని బట్టి ఉంటుంది.

మంచుదారి:
నాదో అనుమానం. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఎవరి కారు వాళ్లదే, వైర్‌లెస్, గైడు అక్కర్లేదు, అయినా ఎలుగుబంటి కనబడితే రోడ్డు జామే. ఒక కారు ఆగితే చాలు, వెనకాల అన్నీ ఆగుతాయి. అక్కడ ఎలుగులకీ తోడేళ్లకీ 91 మీటర్లు, అడవిదున్నల్లాంటి వాటికి 23 మీటర్లు దూరం ఉండాలని రూలు. 2016లో ఒకాయన అడవిదున్న పిల్ల చలికి వణుకుతోందనుకుని దాన్ని కారులో వేసుకుని రేంజర్ల దగ్గరికి తెచ్చాడు. తిరిగి మందలో కలపాలని ఎంత చూసినా కలవలేదు, అది మళ్లీ మళ్లీ కార్ల దగ్గరికే వస్తుంటే చివరికి చంపేయాల్సి వచ్చింది. దీనికి వైర్‌లెస్ కారణమా? కబురు ఆపడం కంటే దూరం గట్టిగా పాటించేలా చేయడం మేలు కాదా?

అడవిబాట:
రెండూ చేయొచ్చు. చోటు తెలిసి అందరూ ఒకేసారి ఎగబడ్డాక దూరం పాటించమంటే ఎవరు వింటారు? క్రూగర్ క్యాంపుల్లో బోర్డు మీద మ్యాప్ ఉంటుంది, తిరిగొచ్చినవాళ్లు ఇవాళ సింహం ఇక్కడ, ఏనుగులు అక్కడ అని గుర్తు పెడతారు. కబురు ఆగదు, కాకపోతే ఆలస్యంగా అందుతుంది. ఆ పద్ధతి పెట్టండి, యాప్‌నీ వైర్‌లెస్‌నీ ఎమర్జెన్సీకి వదిలేయండి.

సెలవురోజు:
పొద్దున చూసింది సాయంత్రం బోర్డు మీద పెడితే నాకేం లాభం?

పాతజీపు:
ఉంది సార్. పెద్ద జంతువుని కొడితే పులి అది అయిపోయేదాకా, రెండు మూడు రోజులైనా, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గుర్తు ఎక్కడుందో చూసి, దగ్గర్లో నీళ్లెక్కడున్నాయో అడిగి, బండి ఆపేసి కూర్చుంటే నిన్నటి కబురు కూడా పనికొస్తుంది. కూర్చునే ఓపిక మీకుందా అన్నదే నేను గేటు దగ్గర ముందుగా అడిగేది.

సెలవురోజు:
పిల్లలతోనా? గంటసేపు కదలకుండా? ఒకసారి మీరు మా బండి తోలి చూడండి, అప్పుడు మాట్లాడదాం.