యాస, కులం, ఊరు మీద స్టాండప్: ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేదేనా?

పెన్నగట్టు:
సంక్రాంతికి నెల్లూరులో ఒక కాలనీవాళ్లు స్టాండప్ షో (ఒక్కొక్కరే మైకు పట్టుకుని మాటలతో నవ్వించేది) పెట్టాలనుకుంటున్నారు. గంటన్నర షో, 300 కుర్చీలు, అవ్వల నుంచి పిలకాయల దాకా అందరూ వస్తారు. కామిక్‌లు తీసుకునే విషయాలు మన యాస, పెళ్లిచూపులు, కులం, అమెరికా అల్లుళ్లు. బూతు ఉండదని మాటిచ్చారు. అంతమాత్రాన అది ఫ్యామిలీ షో అవుతుందా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు మైకుసెట్టు:
అవదు. లావు పెళ్లాం, అత్త నోరు, నల్లపిల్ల పెళ్లి, వీటి మీద జోకుల్లో వెతికినా ఒక్క బూతు దొరకదు. కానీ హాల్లో ఆ రంగు పిల్ల వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఉంటుంది, సోమవారం బడిలో ఆ పంచ్ ఆ పిల్లకు మారుపేరవుతుంది. స్క్రిప్టు ముందే తెప్పించుకుని, ప్రతి జోకు పక్కన నవ్వు ఎవరి మీద పడుతోందో రాసుకోండి.

మన 'పిలకాయలు' మాటే చూడండి. "నెల్లూరోడు పిల్లల్ని పిలకాయలంటాడు" అని సాగదీసి పలికితే నవ్వు యాస మీద పడుతుంది. ముందు వరసలో ఉన్న పెద్దాయన నోరు మూసుకుంటాడు. అదే మాటను ఇంకోలా కట్టొచ్చు. హైదరాబాదులో ఇల్లు అద్దెకు అడగబోయి "మాకు ఇద్దరు పిలకాయలుండారు" అంటే, ఓనరు "కాయలేసుకోడానికి ఇవ్వమండీ, గోడౌన్ చూసుకోండి" అంటాడు. ఇక్కడ నవ్వు తెలియని ఓనరు మీద పడింది, మన మాట మన దగ్గరే ఉంది. రెండోది అవ్వకూ నచ్చుతుంది, పిలకాయలకూ అర్థమవుతుంది.

కేతిగాడి అభిమాని:
మైకుసెట్టు అన్నా, మీరు చెప్పింది నిజమే. కానీ ఇంటిల్లిపాదీ చూసేదంటే చప్పగా ఉండాలనే లెక్క మనది కాదు. నెల్లూరు జిల్లాలో తోలుబొమ్మలాట ఆడితే రామాయణం నడుమ నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి పచ్చిగానే మాట్లాడేవాళ్లు. ఊరు ఊరంతా, ఆడా మగా అక్కడే ఉండేది. పగటివేషగాళ్లయితే ఒక్కో కులం నడక, మాట అనుకరించి, వాళ్ల ఇళ్ల ముందే ఆడి, చివరి రోజు వాళ్ల గడపలోనే సంభావన పుచ్చుకునేవాళ్లు. మళ్లీ ఏడు అదే వీధికి రావాలి గనక ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. కులం ఎత్తొద్దంటే మన హాస్యంలో సగం పోతుంది.

ఒంగోలు మైకుసెట్టు:
ఆ వేషగాడు మళ్లీ రావాలన్న మాటే అసలు తేడా. ఇప్పుడు కామిక్ ఆ రాత్రే బస్సెక్కుతాడు, ఫోన్లో తీసిన 40 సెకన్ల ముక్క మాత్రం ఊళ్లో తిరుగుతుంది. ఆ ముక్కలో పంచ్ ఉంటుంది, దానికి ముందు కట్టుకొచ్చిన మాట ఉండదు.

లాయరమ్మ, కావలి:
కులం దగ్గర చట్టం కూడా చూసుకోవాలి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) నలుగురూ చూసేచోట ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం గురించే. "సరదాకన్నాం" అనే మాటను నమ్ముకుని వేదికెక్కకూడదు. మత భావాలను కావాలని, దురుద్దేశంతో గాయపరిస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 299 వర్తిస్తుంది, మూడేళ్ల దాకా శిక్ష.

మతం పేరే ఎత్తొద్దని కాదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, కోరికకో రొట్టె చొప్పున చెరువులో ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండగ మన పండగే. స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాడు మళ్లీ ఏడు పెళ్లి రొట్టె కోసం వచ్చి నిలబడితే, నవ్వు ఆ మనిషి ఆశ మీద పడుతుంది. దర్గా మీదకు గానీ, రొట్టె ఇచ్చే తల్లి మీదకు గానీ పోదు. అంతవరకు హాయిగా నవ్వుకోవచ్చు.

పెన్నగట్టు:
మరి వయసు సంగతి?

ఒంగోలు మైకుసెట్టు:
ఓటీటీలకు 2021 ఐటీ నియమాల్లో యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని ఐదు మెట్లు పెట్టారు. సినిమాలకూ 2024లో యూఏని అట్టాగే విడగొట్టారు. వేదిక మీద షోకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు, పెట్టేవాళ్లే తేల్చుకోవాలి. మొదటి సగం 7+, రెండో సగం 16+ అని ఒకే షోలో కలపొద్దు. విరామంలో పిల్లలున్నవాళ్లు లేచిపోతారు, సగం ఖాళీ కుర్చీల ముందు ఎంత మంచి జోకైనా పడదు. ఐదున్నరకు 50 నిమిషాల షో ఒకటి, ఎనిమిదికి వేరే టిక్కెట్టుతో ఇంకొకటి పెట్టండి. సాయంత్రం షోలో ఒక్కో కామిక్‌కు 8 నిమిషాలు చాలు. ఒకే మనిషి మాట్లాడుతుంటే పిలకాయలు అంతకు మించి కుదురుగా కూర్చోరు.

ముందు రెండు వరసల్లో, మాట కలిపితే ఇబ్బంది పడమన్నవాళ్లనే కూర్చోబెట్టండి. జనంతో మాట కలిపేటప్పుడు "మీ ఇంటిపేరేంది?" అని అడగొద్దని కామిక్‌లకు ముందే చెప్పండి. మన జిల్లాల్లో ఇంటిపేరు అడగడం కులం అడిగినట్టే. అత్తామామలు పక్కనుండగా కొత్త జంటను "మీది లవ్వా, అరేంజా?" అని కదపొద్దు.

కల్యాణ మండపమయితే ప్రతిధ్వని ఇంకో బెడద. వెనక వరసకు పంచ్ మాట సగమే వినబడి, గట్టిగా అన్న ముక్క ఒక్కటే చేరుతుంది. గొడవలు చాలావరకు అక్కడే పుడతాయి. హాలు మధ్యలో ఇంకో రెండు స్పీకర్లు తక్కువ సౌండుతో పెట్టి, మైకు దగ్గరి ఫ్యాన్లు ఆపించండి.

కేతిగాడి అభిమాని:
రెండు షోలకు ఒప్పుకుంటా. కానీ ఎనిమిదింటి షోలో కులం జోకులన్నీ కొట్టేయొద్దు. అద్దెకు ఇల్లు చూపించే ముందు ఇంటిపేరు అడిగే ఓనరు మీద, ఆ ప్రశ్న ఎదుర్కొన్న మనిషే జోకు వేస్తే ఆపాల్సిన పనేముంది?

లాయరమ్మ, కావలి:
అది ఆపమని నేనూ అనను. ఆ జోకును అట్టా ఇంటిపేరు అడిగే ఓనర్లే ముందు వరసలో కూర్చున్న సాయంత్రం షోకు మాత్రం తేవద్దంటున్నా.

కేతిగాడి అభిమాని:
అక్కా, వాళ్లు వినాల్సింది అక్కడే కదా.

పెన్నగట్టు:
ఇద్దరి మాటా కాలనీవాళ్లకు చెప్తా. పోస్టరు మీద 'ఫ్యామిలీ షో' తీసేసి ఇట్టా రాయిస్తున్నా: "5.30 షో 7 ఏళ్లు దాటినవాళ్లకు, యాస, పండగలు, తిండి మీద. 8.00 షో 16 దాటినవాళ్లకు, పెళ్లి, కులం, డబ్బు మీద."