మినీ ట్రాక్టర్ వెనక చక్రాలకు బరువులు: ఎవరెవరు ఎలా బిగించారు?

నూజివీడు_మామిడి:
మాది ఎర్రనేల, కాస్త వాలుగా ఉన్న మామిడితోట. ఇరవై చిల్లర హెచ్.పి. మినీ ట్రాక్టర్. తొలకరి పడ్డాక కల్టివేటర్ దింపితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. టైర్లు అరగలేదు. ఇనుప బరువులు వేయాలా, టైర్లలో నీళ్లు పట్టించాలా?

రేగడి_రైతు:
ముందు ఎంత జారుతోందో కొలవండి. టైరు పక్కన సుద్దతో గీత గీసి, కల్టివేటర్ పైకెత్తి, చక్రం పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో చూడండి. తర్వాత దించి, అదే చేలో మళ్లీ పది చుట్లు. ఎత్తినప్పుడు 30 మీటర్లు, దించినప్పుడు 24 వస్తే నూటికి 20 వంతులు జారినట్టు. 10–15 లోపు ఉంటే బరువుల జోలికి పోవద్దు. ఎక్కువ బరువు వేస్తే డీజిల్ దండగ, నేల గట్టిపడుతుంది. మా నల్లరేగడిలో తడి మీద బరువులతో దిగితే ఆ చక్రాల జాడలో తర్వాతి పైరు వేరు దిగదు.

కరీంనగర్_వరి:
నీళ్లే నయం అన్నా, ఖర్చు లేదు. జాకీ మీద ఎత్తి, వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి, వాల్వ్ మట్టం దాకా పట్టండి. టైరులో ముప్పాతిక వంతు నిండుతుంది, మిగతాది గాలి. నిండా పడితే కుదుపంతా బండికే తగులుతుంది. చలిదేశాల్లో గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, మనకు ఆ అవసరం లేదు. అది కారితే రిమ్మును తినేస్తుంది. అయితే దమ్ములోకి దిగేముందు ఆ నీళ్లు తీసేయాల్సిందే. బురదలో బరువున్న బండి కూరుకుపోతుంది.

తోట_మెకానిక్:
దున్నకానికి, రోటవేటర్‌కి మార్చి మార్చి వాడే తోటలో ఇనుప బరువులే మేలు. రోటవేటర్ కత్తులు తిరుగుతూ బండిని ముందుకు నెడతాయి, దానికి బరువు పెద్దగా అక్కర్లేదు, విప్పేయొచ్చు.

బిగించేది ఇలా. చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టండి. వెనక చక్రం మధ్యలోని ఇనుప పళ్లెం (డిస్క్) మీద మట్టి, తుప్పు వైర్ బ్రష్‌తో గీకేయండి. డిస్క్‌కీ బరువుకీ నడుమ మట్టి పెళ్ల ఉంటే బరువు సరిగా ఆనదు, నాలుగు రోజుల్లో నట్టు వదులవుతుంది. డిస్క్ పైరంధ్రంలో పొడవాటి స్టడ్ (తల లేని బోల్టు) ఒకటి బిగించి, ఇద్దరు కలిసి బరువును దానికి తగిలించి లోపలికి జరపండి. వేళ్లు మాత్రం డిస్క్‌కీ బరువుకీ మధ్య పెట్టొద్దు. మిగతా బోల్టులు ఎక్కించి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. మొదటిరోజు పని అయ్యాక మళ్లీ స్పానర్ పట్టి చూడాలి, ఇది మానొద్దు. రెండు చక్రాలకూ సమానంగా వేయండి.

నూజివీడు_మామిడి:
కొలిచాను, 20 దాటింది. ఇనుపవే వేయిస్తాను. ఇంకో టెన్షన్: కల్టివేటర్ ఎత్తి వాలు ఎక్కుతుంటే ముందు చక్రాలు లేస్తున్నాయి. ఈ బరువులతో తగ్గుతుందా?

తోట_మెకానిక్:
తగ్గదండీ. అవి ఇరుసు దగ్గరే ఉంటాయి, ముందు భాగాన్ని కిందకి పట్టవు. ముందు బంపర్‌కి వేరే బరువులు తగిలించాలి. అప్పటిదాకా ఆ వాలు రివర్స్‌లోనే ఎక్కండి.