హైతీ అనాథాశ్రమానికి డబ్బు పంపడం ఆపేయాలా?

ఒహాయో వాసు:
మా ఆవిడ వెళ్లే చర్చి ద్వారా హైతీలో ఒక అనాథాశ్రమానికి మూడేళ్లుగా నెలకి 40 డాలర్లు పంపుతున్నాం. పేరు చెప్పను. వాళ్లు పంపిన పాప ఫొటో మా ఫ్రిజ్ మీద ఉంటుంది. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. మొన్న ఆదివారం మా ఆఫీసులో పనిచేసే హైతీ అతను భోజనానికి వచ్చాడు. ఫొటో చూసి "వాళ్లమ్మ ఏ ఊళ్లో ఉంటుంది?" అన్నాడు. అనాథ కదా, అమ్మ ఎక్కడుంటుంది అన్నాను. పప్పన్నం కలుపుకుంటూనే "అనాథ అని ఎవరు చెప్పారు?" అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఇన్నాళ్లూ చేసింది మంచా చెడా? తెలిసినవాళ్లు చెప్పండి.

పిల్లకాలువ:
అతను అడిగింది సరైన ప్రశ్నే. హైతీలో 750 దాకా అనాథాశ్రమాలు, వాటిలో 30 వేల మంది పిల్లలు ఉన్నారని అంచనా. ఆ పిల్లల్లో నూటికి 80 మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అక్కడ బడులు చాలావరకు ప్రైవేటువి. ఫీజు కట్టలేని తల్లికి ఎవరో వచ్చి "మా దగ్గర వదిలితే తిండి పెడతాం, చదివిస్తాం" అంటే ఏం చేస్తుంది? మీ 40 డాలర్లు ఆ తల్లికి అందితే పిల్ల ఇంట్లోనే ఉండేది. ఆశ్రమానికి వెళ్తున్నాయి కాబట్టి పిల్ల కూడా అక్కడికే వెళ్లింది.

2010 భూకంపం వచ్చి మూడు వారాలు తిరక్కుండానే, అమెరికా నుంచి వచ్చిన పదిమంది 33 మంది పిల్లల్ని బస్సెక్కించి డొమినికన్ రిపబ్లిక్‌కి తీసుకెళ్లబోతూ సరిహద్దులో దొరికిపోయారు. పాపం అనాథలు అన్నారు. తీరా విచారిస్తే చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో రాజధాని పోర్టో ప్రిన్స్ దగ్గర, విదేశీ చందాలతో నడిచే ఒక ఆశ్రమం తగలబడి పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. దానికి ప్రభుత్వ అనుమతి కూడా లేదు.

లెక్కల మాస్టారు:
అంతా బాగానే ఉంది, మరి వాసుగారు రేపు డబ్బు ఆపేస్తే ఎల్లుండి ఆ పాప ఎక్కడికెళ్తుంది? పల్లెలో అమ్మ దగ్గరికేనా? ఆ అమ్మ మళ్లీ ఎవరో పట్నం చుట్టాల ఇంటికి పంపుతుంది. దీన్నే అక్కడ రెస్తావెక్ అంటారు. ఫ్రెంచిలో "వాళ్లతో ఉండటం" అనే మాట నుంచి వచ్చింది. పేరుకి ఉండటం, చేసేది చాకిరీ. అందరికంటే ముందు లేచి నీళ్లు మోయాలి, అందరూ తిన్నాక మిగిలింది తినాలి, నేల మీద గుడ్డ పరుచుకుని పడుకోవాలి. ఆడపిల్లలైతే ఇంకా దారుణాలు జరుగుతాయి. ఇలాంటి పిల్లలు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉంటారని రకరకాల అంచనాలు. దానికంటే ఆశ్రమం నయం కాదా? నీతులు చెప్పడం తేలిక.

మయామి నర్సు:
మాస్టారూ, మీరన్నది నిజమే. కానీ ఆశ్రమం, చాకిరీ ఈ రెండే దారులా? హైతీ వాళ్లే మూడోది వేసుకుంటున్నారు. లిమియే లావీ అని ఒక సంస్థ ఉంది, మన భాషలో జీవనజ్యోతి అనుకోండి. ఊళ్లలో పెద్దవాళ్లని కూర్చోబెట్టి పిల్లల గురించి వారాల తరబడి మాట్లాడిస్తారు. చిన్నప్పుడు రెస్తావెక్‌గా బతికినవాళ్లే లేచి తమ కథ చెబుతారు. లా గొనావ్ ద్వీపంలో ఇలా మాట్లాడుకున్న ఊళ్ల వాళ్లు పంపేసిన పిల్లల్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఉత్త మాటలతో కడుపు నిండదు కదా అంటారేమో. ఫోన్‌కోజే అనే సంస్థ కటిక పేద ఆడవాళ్లకి మేకలు, కోళ్లు ఇచ్చి, 18 నెలలపాటు వారం వారం ఇంటికి మనిషిని పంపుతుంది. పిల్లని పంపించే అవసరమే రాకుండా చూడటం అంటే ఇదీ.

ఇంకోమాట. మా ఇంట్లోనూ ఓ పిల్ల ఉండేది. "చదివిస్తాం" అని ఊరి నుంచి తెచ్చారు. నేను స్కూలుకి వెళ్తుంటే టిఫిన్ డబ్బా ఇచ్చేది తనే. స్టీలు కంచం తనకి వేరేగా ఉండేది, పెరటి గట్టు మీద కూర్చుని తినేది. మేం చెడ్డవాళ్లమని ఎవరూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు. రెస్తావెక్ గురించి మొదటిసారి ఇక్కడ హైతీ నర్సు దగ్గర విన్నప్పుడు నాకు ఆ కంచమే గుర్తొచ్చింది.

లెక్కల మాస్టారు:
మేడం, పల్లె సంగతి ఒప్పుకుంటాను. పోర్టో ప్రిన్స్ మాటేమిటి? ఊరిలో 80 శాతం పైగా ముఠాల చేతుల్లో ఉంది. 2025 మొదట్లోనే ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు పది లక్షలు దాటారు, అందులో సగం పిల్లలు. ముఠాల్లోనూ సగం దాకా మైనర్లేనని యూనిసెఫ్ చెబుతోంది. అక్కడ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటే తుపాకీ ఆగుతుందా? జనం తమను తాము కాపాడుకోవడం గొప్ప అంటున్నారు కదా, బ్వా కాలే కూడా అదే మరి. చెక్కు తీసిన కర్ర అని అర్థం. 2023 ఏప్రిల్ 24న జనం పోలీసుల చేతుల్లోంచి ముఠావాళ్లని లాక్కుని కొట్టి తగలబెట్టారు. నెలలో వందమందికి పైగా చచ్చారు. కొన్ని వారాలు కిడ్నాపులు తగ్గాయి కూడా. దాన్నీ ఉద్యమం అందామా?

పిల్లకాలువ:
అనకూడదు. చనిపోయినవాళ్లలో ముఠాలో ఉన్నవాడెవడో, అనుమానంతో పోయినవాడెవడో ఎవరు తేల్చారు? ముఠాలో సగం మంది పిల్లలే అని మీరే అన్నారు. ఆ కర్ర దెబ్బలు ఎవరి మీద పడినట్టు?

మయామి నర్సు:
రాజధానిలో ఆడవాళ్లేం చేశారో కూడా వినండి మాస్టారూ. భూకంపం తర్వాత గుడారాల్లో దీపాలు లేవు, స్నానానికి చాటు లేదు. రాత్రిళ్లు అత్యాచారాలు. 2004లో బాధితులే పెట్టుకున్న కోఫావివ్ అనే సంఘం ఆడవాళ్లకి ఈలలు, టార్చిలైట్లు పంచింది. ఒకరు ఈల వేస్తే చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. బాధితురాలి వెంట ఆసుపత్రికి వెళ్లేది కూడా వాళ్లే, ఎందుకంటే డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే అక్కడి కోర్టులో కేసు నిలబడటం కష్టం.

ఇది నిన్నమొన్నటిది కాదు. నియంత డువాలియే దేశం వదిలి పారిపోయిన రెండు నెలలకే, 1986 ఏప్రిల్ 3న, వేలమంది ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 2005 దాకా అత్యాచారం అక్కడి చట్టంలో మనిషి మీద జరిగిన నేరం కాదు, నీతికి కలిగిన భంగం! దాన్ని మార్పించింది ఈ సంఘాలే. ఆ ఉద్యమాన్ని నడిపిన మిరియం మెర్లె, మగాలీ మార్సెలిన్, అన్ మరీ కోరియోలాన్ ముగ్గురూ ఒక్క భూకంపంలోనే పోయారు.

కాపాడటానికి వచ్చిన బయటివాళ్ల సంగతీ చెప్పాలి. పిల్లల్ని లైంగికంగా వాడుకున్నారని 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున వచ్చిన వందమందికి పైగా శ్రీలంక శాంతి సైనికుల్ని వెనక్కి పంపారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఈల పనిచేయాలంటే పరుగెత్తుకొచ్చే ఇరుగుపొరుగు ఉండాలి. వాళ్లే ఇళ్లు వదిలి పారిపోతే ఈల ఎవరికి వినిపిస్తుంది? దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కల మాస్టారు:
సరే, నేనూ కొంచెం తగ్గుతాను. కానీ వాసుగారూ, ఒక్కసారిగా ఆపొద్దు. పిల్లని ఇంటికి చేర్చే ఏర్పాటు లేకుండా డబ్బు ఆగితే నష్టపోయేది ఆ పాపే. ముందు పాప తల్లి ఉందా, ఎక్కడుంది, కలవనిస్తున్నారా అని వాళ్లనే అడగండి.

ఒహాయో వాసు:
అందరికీ థాంక్స్. మాస్టారు చెప్పినట్టే మెయిల్ పెట్టాను. రెండు ప్రశ్నలే: తల్లి బతికే ఉందా, పాప చివరిసారి ఇంటికెళ్లింది ఎప్పుడు? నాలుగు రోజులకి జవాబొచ్చింది. మీ ప్రేమకి ధన్యవాదాలు, పాపకి బొమ్మలు వేయడం ఇష్టం అని రాశారు. కొత్త ఫొటో పంపారు. అడిగిన రెండిటికీ జవాబు లేదు.

మా ఆవిడ కొత్త ఫొటో పక్కన పాతది పెట్టి చాలాసేపు చూసింది. పిల్ల పొడుగైంది, రిబ్బన్లు మాత్రం అవే. ఈ నెల 40 డాలర్లు పంపేశాం. మెయిల్ కూడా మళ్లీ పెట్టాను. ఈసారి ఊరి పేరు అడిగాను.