సమస్యాపూరణం: «పాతబడిన కొలది పడుచుదనము»

నిర్వాహకుడు (బరంపురం): ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ఏళ్ల తరబడి చప్పుడు లేని పంక్ (వేగంగా, మోతగా సాగే రాక్ సంగీతం) బృందం కొత్త ఆల్బమ్ తెస్తోందని తెలిసి, పాత అభిమానికి ప్రాణం లేచివచ్చిన సందర్భంగా పూరించండి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. గిటార్, కార్డ్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు), డిస్కు లాంటి మాటలు నిరభ్యంతరంగా వాడండి. వాడుకభాష కోసం గిడుగువారు పోరాడిన పర్లాకిమిడి మన పక్కనే ఉంది.

జయపురం సభ్యుడు:

మూడు కార్డ్ల పాట ముప్పదేళ్లు గడిచె
మొదటి దెబ్బలోనె గుండె మోగె
కొత్త పాటలింక కొద్దినాళ్లకు వచ్చు
పాతబడిన కొలది పడుచుదనము

నిర్వాహకుడు: ఊపు బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది, «మొ»కు «గు» కుదరదు. మాటలు అటూ ఇటూ మార్చి «మోగె గుండె» అనండి, మొ–మో కలుస్తాయి. మొదటి పాదంలో «గడిచె» అనేసరికి వాక్యం అక్కడే తెగిపోయింది. «గడువ» అంటే రెండో పాదంతో అన్వయం కుదురుతుంది.

పర్లాకిమిడి సభ్యురాలు: ఆ మూడూ పవర్ కార్డ్లు. లావు తీగ మూడో మెట్టు (ఫ్రెట్) మీద చూపుడువేలు, అయిదో తీగ అయిదో మెట్టు మీద ఉంగరపువేలు, నాలుగో తీగ అయిదో మెట్టు మీద చిటికెనవేలు. మన లెక్కలో షడ్జం, పంచమం, పై షడ్జం. గాంధారం కావాలనే వదిలేస్తారు, గిటార్ మోతను గరుకుగా మార్చే డిస్టార్షన్‌లో అది కలిస్తే మోతంతా బురదబురదగా వినిపిస్తుంది. వేళ్ల ఆకారం చెదరకుండా చేతిని జరుపుకుంటూ పోతే మిగతా కార్డ్లూ వచ్చేస్తాయి. నా పూరణ కుడిచేతి మీద:

కింది కొట్టుడొకటె కిటుకు గిటారున
పైకి వచ్చువేళ పలుకరాదు
మాను భుజపుటూపు మణికట్టుతో కొట్టు
పాతబడిన కొలది పడుచుదనము

రాయగడ సభ్యుడు: విషయం తెలిసినవారి పద్యమండీ ఇది. అమెరికా పంక్ బృందం రామోన్స్ గిటారిస్టు జానీ రామోన్ వాయింపు సరిగ్గా ఇదే, అన్నీ కింది దెబ్బలే. నిమిషానికి 180 తాళాల వేగంలో ఒక్కో తాళానికి రెండు దెబ్బలంటే సెకనుకు ఆరు. నేర్చుకునేవారు 120 దగ్గర మొదలుపెట్టి, అయిదేసి చొప్పున పెంచుకోవాలి. ముంజేయి బిగుసుకుపోతోందంటే తీగలు మీటే బిళ్ల పిక్‌ను గట్టిగా నొక్కి పట్టుకున్నారనో, దాని మొన వేళ్ల బయటికి మరీ ఎక్కువ వచ్చిందనో అర్థం. «భుజపుటూపు» టుగాగమం నాకు ఎంతో నచ్చింది. కానీ నాలుగో పాదం విడిగా వేలాడుతోంది. పాతబడేది ఏమిటి? పడుచుదనం ఎవరికి?

పర్లాకిమిడి సభ్యురాలు: నిజమేనండీ. మూడో పాదం మార్చాను:

మానకున్న పాటు, మణికట్టునకు వచ్చు
పాతబడిన కొలది పడుచుదనము

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. పాతబడేది సాధన, పడుచుదనం మణికట్టుది. భుజం ఊపొద్దన్న సలహా పోయినా పద్యం నిలబడింది.

రాయగడ సభ్యుడు: నాది.

గంట సగములోపె గడచెను పదునాల్గు
డెబ్బదారునాటి డిస్కులోన
నేడు విన్నగాని నెత్తురు పొంగును
పాతబడిన కొలది పడుచుదనము

1976లో వచ్చిన రామోన్స్ మొదటి ఆల్బమ్ ఇది. 14 పాటలు, మొత్తం అరగంట కూడా లేదు. నిమిషానికి 33 పైచిలుకు చుట్లు తిరిగే పన్నెండంగుళాల డిస్కులో ఒక్కో వైపు 22 నిమిషాలు దాటితే గాడులు (సూది నడిచే చాళ్లు) ఇరుకై శబ్దం తగ్గించి కోయాల్సి వస్తుంది. పొట్టి ఆల్బమ్‌కు ఆ ఇబ్బంది లేదు, గాడులు వెడల్పుగా, గట్టిగా కోయొచ్చు. అందుకే కొత్త ఆల్బమ్ అరగంటే అని తెలిస్తే నిరుత్సాహపడకండి, డిస్కు కొనేవారికి అది మంచి కబురే.

నిర్వాహకుడు: «డె–డి» యతి ముచ్చటగా ఉంది. «పదునాల్గు» ఏమిటో పద్యంలో లేదు, డిస్కు మాట వల్ల ఊహకు అందుతుంది. అడిగింది రాబోయే ఆల్బమ్ మీద, మీరు వచ్చేసిన దాన్ని పొగిడారు. అయినా రామోన్స్ తొలి నలుగురిలో చివరివాడు టామీ 2014లో పోయాక కూడా ఆ డిస్కు అంత కుర్రదిగా వినిపిస్తోందంటే సమస్యకు అంతకంటే సూటి జవాబు లేదు.

గుణుపురం సభ్యురాలు:

రెండు నిమిషములకె రేగి ముగియు పాట
రేపు వచ్చుననగ రెప్ప పడదు
వేచి వేచియున్న వీరాభిమానికి
పాతబడిన కొలది పడుచుదనము

నిర్వాహకుడు: రె–రే, రే–రె, వే–వీ, ఒక్క యతీ కదల్లేదు. ఇక్కడ పాతబడింది బృందం కాదు, ఎదురుచూపు. దిద్దడానికి నాకు అక్షరం దొరకలేదమ్మా.