ఏడాది దాటి నిలిచిన బోటు మోటారు: ముందు తాడు లాగాలా, ముందు విప్పాలా?

ఉప్పాడ తీరవాసి (ప్రశ్న):
మా ఫైబర్ బోటుకున్న 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారును కిందటేడు ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైనప్పుడు దింపి పాకలో పెట్టాము. 61 రోజులు గడిచాక బిగించవలసిన దానిని నాన్నగారి అనారోగ్యం వల్ల ఆ సీజను మొత్తం ముట్టుకోలేదు. ఈ ఏడాది నిషేధం జూన్ 14తో ముగుస్తుంది కనుక మోటారు నిలిచి 14 నెలలు. దింపిన రోజు మంచినీళ్లతో కడిగామో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆయిల్ కలిపిన పెట్రోలు ఐదారు లీటర్లు ట్యాంకులో అలాగే ఉంది. ప్లగ్గులు మార్చి తాడు లాగితే అదే అందుకుంటుందని మా బావగారి మాట. విప్పి చూడకుండా లాగకూడదని నాకు అనిపిస్తోంది. అనుభవజ్ఞులు ఏమంటారు?

కాకినాడ మెకానిక్:
మీ అనుమానమే సరైనది. ఉప్పు గాలిలో 14 నెలలు ఉన్న సిలిండరులో పిస్టన్ రింగులు తుప్పుతో గోడకు అంటుకుని ఉండవచ్చు. అప్పుడు బలంకొద్దీ తాడు లాగితే రింగు విరగడమో, సిలిండరు గోడ గీసుకుపోవడమో జరుగుతుంది. ముందు మోటారును ఆపే కిల్ స్విచ్ క్లిప్పు తీసి పక్కన పెట్టండి, ప్లగ్గులు విప్పండి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మోటారు పైనున్న చక్రాన్ని (ఫ్లైవీల్) చేత్తో, పైనుంచి చూస్తే సవ్యదిశలోనే, మెల్లగా తిప్పండి. అపసవ్యంగా తిప్పితే కింద నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు మడతపడతాయి. చేతికి సాఫీగా తిరిగితేనే తాడు మాట. ఆపైన కార్బురేటర్ విప్పి శుభ్రం చేయకుండా ఏ మోటారునూ నేను స్టార్ట్ చేయను.

పాతికేళ్ల వేట:
ఫ్లైవీల్ సంగతిలో మెకానిక్ గారితో నాకు పేచీ లేదు. కార్బురేటర్ దగ్గరే నేను ఒప్పుకోలేను. విప్పిన ప్రతి కార్బురేటరుకూ గాస్కెట్ చిరుగుతుంది, ఫ్లోటు సూది ఎక్కడో దొర్లిపోతుంది, పట్నం నుంచి కిట్టు వచ్చేసరికి మంచి వేట రోజులు నాలుగు పోతాయి. పాత పెట్రోలు తీసేసి, వేరే డబ్బాలో కొత్త పెట్రోలును ఆయిల్‌తో 50కి 1 పాళ్లలో కలిపి, గొట్టం దానికి తగిలించి, గొట్టం మధ్యనున్న రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కి, చోక్ లాగి చూడమనండి. మా వాడలో నిషేధం అయ్యాక పది మోటార్లలో ఎనిమిది ఇలాగే లేస్తాయి. లేవనివాటినే విప్పుతాము. జబ్బు లేని మనిషికి కోత దేనికి?

కాకినాడ మెకానిక్:
మీరు చెప్పే మోటార్లు రెండు నెలలు నిలిచినవి. ఈయనది 14 నెలలు నిలిచింది. కార్బురేటర్ కింది గిన్నె (బౌల్) అడుగున మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురులా మారి, పెట్రోలు వెళ్లే సన్నని జెట్టు రంధ్రాన్ని సగం మూసినా మోటారు లేస్తుంది. లేచాక అసలు సమస్య మొదలవుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ అందేది పెట్రోలుతోనే. సన్నబడిన జెట్టు గుండా పెట్రోలు తక్కువగా వెళ్తే ఆయిల్ కూడా తక్కువే. ఒడ్డున ఐదు నిమిషాలు చక్కగా తిరిగినది సముద్రంలో పూర్తి వేగం ఇచ్చిన పావుగంటకు వేడెక్కి బిగుసుకుపోతుంది. మోటారు లేచింది కనుక బాగుందనుకోవడమే ఇక్కడి ప్రమాదం.

విశాఖ ఇంజనీరు:
ట్యాంకులోని పాత పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. పట్టగలిగినంత దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. మనం కలిపిన ఆయిల్ మాత్రం పైపొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం పీల్చేది అడుగు నుంచే కనుక మోటారుకు అందేది ఆయిల్ లేని పొర. మెకానిక్ గారు చెప్పిన ప్రమాదానికి ఇది మరో దారి. గాజు సీసాలో కొంచెం పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే మరో ఆలోచన అక్కర్లేదు.

పాతికేళ్ల వేట:
ప్రతి జబ్బునూ ఇథనాల్ ఖాతాలో వేయడం ఈమధ్య అలవాటైంది. మూత బిగించిన ట్యాంకులోకి గాలి తేమ ఒక్కటే దిగి పొరలు విడిపోవడానికి చాలా కాలం పడుతుంది. చాలాసార్లు మూత దగ్గర వాన నీరు కారడమే కారణం. ఇథనాల్ లేని రోజుల్లోనూ జెట్లు మూసుకుపోయేవి, మోటార్లను ఉప్పు తినేది. అయినా ఆ పాత పెట్రోలు పారబోయమని నేనూ ముందే అన్నాను. కార్బురేటర్ విషయంలో ఒక మెట్టు దిగుతాను: మొత్తం విప్పకుండా, బౌల్ కింది డ్రెయిన్ స్క్రూ ఒక్కటి తీసి ఏం కారుతుందో చూడండి. తేటగా వస్తే తాడు లాగండి. ఆకుపచ్చగానో జిగురుగానో వస్తే మెకానిక్ గారిదే మాట.

కాకినాడ మెకానిక్:
దానికి అభ్యంతరం లేదు. అయితే జెట్టులోకి రాగి తీగ దూర్చకండి. చాలామంది చేసే పని అదే, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్టు పారేయవలసిందే. క్లీనర్ కొట్టి గాలి పట్టండి. ఇంపెల్లర్‌ను మాత్రం చూడకుండానే మార్చేయండి, ఏడాది ఒకే భంగిమలో ఉన్న రబ్బరు రెక్కలు అలాగే బిగుసుకుంటాయి. నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయవద్దు. డ్రమ్ములో పెట్టి, న్యూట్రల్‌లోనే నడిపి, పక్క నుంచి మోటారును చల్లబరిచే నీటి ధార రాకుంటే వెంటనే ఆపండి.

ఉప్పాడ తీరవాసి:
మూడు రోజుల పని తరువాత రాస్తున్నాను. ఫ్లైవీల్ మొదటి రోజు బిగుసుకుని ఉంది, ఆయిల్ పోసి రెండు రాత్రులు ఉంచాక చేతికి తిరిగింది. బావగారి మాట విని లాగి ఉంటే ఏమయ్యేదో తలచుకోవాలని లేదు. సీసాలో పొరలు విడిపోలేదు కానీ పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. బౌల్ నుంచి పచ్చటి జిగురు రావడంతో కార్బురేటర్ విప్పక తప్పలేదు. గాస్కెట్ పాతికేళ్ల వేట గారు చెప్పినట్టే చిరిగింది. కొత్త ఇంపెల్లర్‌తో డ్రమ్ములో మూడో లాగుకు లేచింది, ధార బాగా వచ్చింది. అయితే గేర్ ఆయిల్ కింది స్క్రూ విప్పితే పాల రంగులో కారింది. ఆయిల్ మార్చి సముద్రానికి వెళ్లవచ్చునా?

పాతికేళ్ల వేట:
కొత్త ఆయిల్ పోసి ఒడ్డు దగ్గర ఒక గంట తిప్పి, మళ్లీ విప్పి చూడండి. పాల రంగు ఆయిల్‌లో నీరు చేరినందువల్లే, స్క్రూ వాషరు పాతదైనా నీరు దిగుతుంది, సీలు దాకా పోనక్కర్లేదు.

కాకినాడ మెకానిక్:
వాషర్లు మార్చి ఆ గంట పరీక్ష చేయడానికి నేనూ ఒప్పుకుంటాను. ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే, పైరంధ్రంలో పొంగేదాకా ఎక్కించండి. మళ్లీ పాలలా వస్తే చాలావరకు ప్రొపెల్లర్ షాఫ్టు సీలే కారణం. అప్పుడు మాత్రం వేట గారు చెప్పినా వినకండి.

ఉప్పాడ తీరవాసి:
వాషర్లు ఈ సాయంత్రం వస్తాయి. గంట పరీక్ష రేపు ఉదయం చేస్తాము. తాడు బావగారే లాగుతానంటున్నారు.