తిలాపియా వరసగా చచ్చిపోతున్నాయి, వైరస్ అయ్యుంటుందా?

అందరికీ నమస్తే, కొంచెం అర్జెంటు. తిలాపియా పిల్లల్ని చెరువులో వదిలి మూడు వారాలైంది, మొదట్లో మేత బాగానే తిన్నాయి, ఐదు రోజుల నుంచి మేత దగ్గరికే రావట్లేదు, ఒళ్ళు నల్లబడి గట్టు వారన పైపైనే తిరుగుతున్నాయి, కొన్నిటికి కళ్ళు ఉబ్బి తెల్లగా అయిపోయాయి, చర్మం మీద ఎర్రటి పుళ్ళు. ఆక్సిజన్, అమ్మోనియా రెండూ చూశా, తేడా ఏం లేదు. చచ్చేవి మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి.

అదే చెరువులో ఉన్న కార్ప్ చేపలకి ఏం కాలేదు, అందుకే నా అనుమానమంతా తిలాపియా లేక్ వైరస్ మీదే, 2014లో ఇజ్రాయెల్‌లో గుర్తించారు కదా, అది.

తెలిసినాయన ఒకరు మేతలో యాంటీబయాటిక్ కలపమంటున్నారు. వైరస్‌కి అది పనిచెయ్యదని తెలుసు, కానీ పుళ్ళల్లో బ్యాక్టీరియా కూడా చేరి ఉంటే? ఊరికే మందు పొయ్యడం నాకిష్టం లేదు, ముందు పీసీఆర్ (వైరస్ ఉందో లేదో పట్టే ల్యాబ్ టెస్టు) చేయిద్దామనుకుంటున్నా. చచ్చినవి కాకుండా కొన ఊపిరితో ఉన్నవే పంపాలట, మరి లివర్, మెదడు తీసి ఆల్కహాల్‌లో పెట్టాలా, చేపనే ఐస్‌లో పంపితే సరిపోతుందా?

ఈలోగా వలలు, బకెట్లు పక్క చెరువుకి పోనివ్వట్లేదు, నీళ్ళు బయటికి వదలట్లేదు, చచ్చినవాటిని సున్నం వేసి పూడుస్తున్నా. బతికి బయటపడ్డవి మళ్ళీ వైరస్‌ని అంటిస్తాయా, లేక మొత్తం తీసేసి చెరువు ఎండబెట్టాల్సిందేనా? ఇది ఫేస్ చేసినవాళ్ళెవరైనా ఉంటే త్వరగా చెప్పండి ప్లీజ్.